‘వైబ్రేషన్’ అని రాస్తే సరిపోదు

విమానం గాల్లో ఉండగా కాస్త వణికితే మనలో చాలామందిమి నేరం మేఘాల మీదకి నెట్టేస్తాం. వాతావరణం బాగోలేదంటాం, బెల్టు బిగించుకుంటాం, పది నిమిషాల్లో మర్చిపోతాం. ఈ వ్యాసం ఆ వణుకు గురించి కాదు. మబ్బు తునక లేని ఆకాశంలో, అదే విమానంలో, అదే వేగం దగ్గర ఈరోజూ రేపూ ఎల్లుండీ పట్టు వదలకుండా వచ్చే వణుకు గురించి. రిపేరు అయిపోయిందని సంతకం పెట్టిన రెండు రోజులకే మళ్లీ లాగ్‌బుక్కులోకి ఎక్కే వణుకు గురించి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి వైబ్రేషన్‌కి కారణం దొరక్కపోవడానికి మొదటి దోషం పరికరాలది కాదు. ఫిర్యాదు రాసిన తీరుది, దాన్ని చదివి ప్రశ్నలు వేయని తీరుది. ఏ పార్టు పాడైందో తేల్చేయాలన్న తొందరలో, అసలు ఆ వణుకు ఎలాంటిదో కనుక్కోవడం వెనకబడిపోతుంది. సాహిత్య క్లబ్బు పత్రికలో ఈ గొడవ దేనికంటారా? ఇది సగం మెకానిక్స్ సమస్య, మిగతా సగం మాటల సమస్య. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒక ఊహా లాగ్‌బుక్కు

ఒక జెట్ విమానం లాగ్‌బుక్కు ఇలా ఉందనుకుందాం. సోమవారం పైలట్ రాశాడు: "క్రూజ్‌లో వైబ్రేషన్." ఆ రాత్రి ఇంజినీరు నేలమీదే ఇంజిన్లు నడిపి చూశాడు. "రీడింగులు లిమిట్‌లోనే ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాడు. బుధవారం ఇంకో పైలట్: "వైబ్రేషన్ ఇంకా ఉంది." ఈసారి ఎడమ ఇంజిన్ ఫ్యాన్‌ని బ్యాలెన్స్ చేశారు. శుక్రవారం: "వైబ్రేషన్ మళ్లీ." ఫ్యాన్ బ్లేడ్ల మొదళ్లు ఊడదీసి లూబ్రికేషన్ చేశారు. ఆదివారం: "పై సమస్యే." సెన్సర్ మార్చారు. వారం గడిచింది, సామాను మారింది, డబ్బు ఖర్చయింది, వణుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు కూడా. కానీ నాలుగు ఎంట్రీలు కలిపి చదివినా మనకి తెలిసింది ఒక్క ముక్కే: వణుకుతోంది. డాక్టరు దగ్గరికెళ్లి "నొప్పండీ" అని ఊరుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఎక్కడ, ఎప్పట్నుంచి, తిన్నాకా తినకముందా, పొడిచినట్టా గుంజినట్టా అని అడక్కుండానే మందు రాసిచ్చే డాక్టరు దగ్గరికి మనం రెండోసారి వెళ్తామా?

అదే పైలట్ ఇలా రాశాడనుకోండి: "33 వేల అడుగుల ఎత్తులో, మాక్ 0.78 దగ్గర మొదలైంది. సెకనుకి పదిసార్ల లోపే అనిపించింది. కాళ్ల కింద తెలుస్తోంది, వెనక వరసల్లో ఇంకా ఎక్కువని క్యాబిన్ సిబ్బంది చెప్పారు. థ్రస్ట్ కొంచెం మార్చి చూస్తే తేడా లేదు. మాక్ 0.74కి తగ్గాక ఆగిపోయింది. గాలి నిశ్చలంగా ఉంది." ఈ ఆరు ముక్కలు చదివిన ఇంజినీరు ముందుగా ఇంజిన్ కవర్ విప్పడు. తోక దగ్గరికి వెళ్తాడు. ఎలివేటర్‌ని, దాని చివరున్న ట్యాబ్‌ని పట్టుకుని, మాన్యువల్ చెప్పిన బలంతో పైకీ కిందకీ కదిపి, హింజ్ బేరింగుల్లో, రాడ్ చివర్లలో ఎంత లూజు ఉందో కొలుస్తాడు. పాడైంది అదేనని అప్పటికింకా తెలియదు. కానీ వెతకాల్సిన చోటు మొత్తం విమానం నుంచి ఒక మూలకి తగ్గింది. డయాగ్నసిస్ అంటే అదే కదా.

తిరిగేవి, గాలి ఊపేవి

విమానంలో వణుకు పుట్టించే వాటిని మొదట రెండు కుప్పలు చేయొచ్చు. ఒకటి, తనంతట తాను తిరిగేవి: ఫ్యాన్, టర్బైన్, ప్రొపెల్లర్, చక్రాలు. రెండు, గాలి తగిలి ఊగేవి: ఎలివేటర్, రడ్డర్, ట్యాబులు, ఫ్లాపులు, తలుపుల సీళ్లు, ప్యానెళ్లు.

మొదటి కుప్పకి తిరిగే వేగమే సంతకం. బోయింగ్ 737-800కి ఉండే సీఎఫ్ఎమ్56-7బీ ఇంజిన్‌లో ఫ్యాన్ వేగం 100 శాతం అంటే నిమిషానికి 5,175 తిరుగుళ్లు. సెకనుకి 86. క్రూజ్‌లో 90 శాతం దగ్గర ఉంటే సుమారు 78. లోపలి కోర్ అయితే 100 శాతం దగ్గర నిమిషానికి 14,460, అంటే సెకనుకి 241. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చేసే ‘జుమ్’ శబ్దం 100 హెర్ట్జ్ అని ఈఈఈ వాళ్లకి తెలుసు. ఫ్యాన్‌లో బరువు తేడా వస్తే పుట్టే వణుకు దాదాపు ఆ జాతిదే. సీటు చేతి మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది తప్ప, కాఫీ కప్పు ఎగిరెగిరి పడదు. కాబట్టి సెకనుకి ఎనిమిదిసార్లు అదురుతోందన్న విమానానికి ఫ్యాన్ బ్యాలెన్స్ చేయడం, కాలు నొప్పికి కళ్లజోడు మార్చినట్టే.

ప్రొపెల్లర్ విమానంలో లెక్క మారుతుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి నడిచే ఏటీఆర్ 72నే తీసుకోండి. దాని ప్రొపెల్లర్ 100 శాతం వేగం నిమిషానికి 1,200 తిరుగుళ్లు. క్రూజ్‌లో 82 శాతం, అంటే సెకనుకి 16 పైచిలుకు. ఆరు రెక్కలు కాబట్టి రెక్కలు దాటే ఫ్రీక్వెన్సీ 98 హెర్ట్జ్. 16 దగ్గర అదిరితే ప్రొపెల్లర్ బరువు సమంగా లేదేమోనని చూడాలి. 98 దగ్గర జుమ్మంటుంటే అది రెక్కలు గాలిని కొట్టే చప్పుడు. రెంటికీ లాగ్‌బుక్కులో ఒకే పేరు పెడితే, వెతికేవాడికి రెంటిలో ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకో తమాషా ఉంది. రెండు ఇంజిన్లూ ఆరోగ్యంగానే ఉంటాయి. ఒకటి ఇంకోదానికన్నా ఒక శాతం వేగంగా తిరుగుతుంది, అంతే. శ్రుతి సరిగ్గా కలవని రెండు తంబూరాల్లా అవి సెకనుకి ఇంచుమించు ఒకసారి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ప్రయాణికుడికి అది వూం... వూం... అని అలలా వచ్చిపోయే వణుకు. బీట్స్ అని ఇంటర్ ఫిజిక్స్‌లోనే చదివాం. ఇక్కడ మార్చాల్సిన పార్టే లేదు. రెండు వేగాలు కలిపితే పోతుంది.

రెండో కుప్ప కష్టమైంది. అది ఇంజిన్ వేగంతో కాదు, విమానం వేగంతో, మాక్‌తో, ఫ్లాపుల స్థితితో మారుతుంది. హింజ్‌లో అరిగిన బేరింగ్ ఉంటే ఆ కాస్త లూజులోనే ట్యాబ్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. తేనెపట్టు నిర్మాణం ఉన్న ఎలివేటర్‌లోకి నీరు చేరితే దాని బరువు పంపకం మారిపోతుంది. మళ్లీ రంగు వేసినా అంతే. అందుకే కంట్రోల్ సర్ఫేస్‌కి రంగు వేశాక బ్యాలెన్స్ సరిచూడాలని నియమం. టేకాఫ్ అవగానే వచ్చి కాసేపట్లో ఆగిపోయే గరగర అయితే, లోపలికి ముడుచుకున్నా ఇంకా తిరుగుతున్న ముక్కు చక్రానిది కావచ్చు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందన్న ఒక్క వాక్యంతో సగం పని అయిపోతుంది.

ఇదంతా చిన్న విషయమనుకోకండి. 2010 మార్చిలో ఒక 737-800లో ఎలివేటర్ వైబ్రేషన్ తీవ్రంగా వచ్చి, విమానాన్ని దారి మళ్లించి దింపాల్సి వచ్చింది. ఎడమ ఎలివేటర్ ట్యాబ్‌ని కదిలించే మెకానిజం అతుకు దగ్గర లగ్గులు విరిగాయని తేలింది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ అదే నెలలో అత్యవసర ఆదేశం ఇచ్చి ఆ రకం మెకానిజాలను తనిఖీ చేయించింది. ట్యాబ్ అంటే తోక చివర సన్నటి రేకు ముక్కలా కనిపించేదే. కానీ దాని పట్టు తప్పితే మొత్తం తోక ఊగుతుంది.

"నేలమీద బాగానే ఉంది"

లాగ్‌బుక్కుల్లో నన్ను బాగా భయపెట్టే వాక్యం ఇది. ఎందుకు భయమో 1989 చెబుతుంది.

ఆ ఏడాది జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌లాండ్ 737-400 పైకి ఎక్కుతుండగా, 28 వేల అడుగుల దగ్గర ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు ఒకటి విరిగింది. గట్టి వణుకు, కాక్‌పిట్‌లోకి పొగ వాసన. పైలట్లు కుడి ఇంజిన్ పాడైందనుకుని దాన్ని ఆపేశారు. థ్రస్ట్ తగ్గించడంతో ఎడమ ఇంజిన్ కాస్త సర్దుకుంది, వణుకు తగ్గింది, వాసనా తగ్గింది. దాంతో సరైన ఇంజినే ఆపామన్న నమ్మకం గట్టిపడింది. వైబ్రేషన్ మీటరు ఎడమ ఇంజిన్‌కి గరిష్ఠం చూపిస్తూనే ఉంది. కానీ అది చిన్న మీటరు. పాత విమానాల్లో ఆ రకం మీటర్లకి నమ్మదగనివన్న పేరుండేది. వెనక కూర్చున్న ప్రయాణికుల్లో కొందరు ఎడమ వైపు మంటలు చూశారు. కుడి ఇంజిన్ ఆపామని కెప్టెన్ మైకులో చెప్పినప్పుడు ఆశ్చర్యపోయారు కూడా. ఆ మాట ముందుకి చేరలేదు. దిగేముందు థ్రస్ట్ పెంచగానే ఎడమ ఇంజినూ పోయింది. కెగ్‌వర్త్ ఊరి పక్క, రన్‌వేకి కిలోమీటరు లోపు దూరంలో, రహదారి గట్టుని గుద్దుకుంది. 126 మందిలో 47 మంది చనిపోయారు.

పైలట్ల పొరపాటు గురించి అందరూ మాట్లాడతారు. నేను చెప్పదలచుకున్నది బ్లేడు సంగతి. అది ఎందుకు విరిగింది? 10 వేల అడుగులు దాటాక, ఎక్కువ థ్రస్ట్ దగ్గర ఆ ఫ్యాన్‌లో ఒక రకం కంపనం పుట్టేది. దానితో లోహం అలసిపోయి పగిలింది. ఇంజిన్‌కి సర్టిఫికెట్ ఇచ్చేముందు చేసిన నేలమీద పరీక్షల్లో ఆ కంపనం కనబడలేదు. కింద లేదు, పైన ఉంది. అదే ఏడాది జూన్‌లో మరో రెండు 737-400లలో అలాంటి బ్లేడ్లే విరిగాయి. అదృష్టవశాత్తూ రెండూ క్షేమంగా దిగాయి.

ఒక పెద్ద ఇంజిన్ ప్రోగ్రామ్‌నే నేలమీద పరీక్ష మోసం చేయగలిగినప్పుడు, అర్ధరాత్రి హ్యాంగర్ బయట పదినిమిషాలు ఇంజిన్ నడిపి "బాగానే ఉంది" అని రాయడం దేనికి రుజువు? విమానం ఆగి ఉన్నప్పుడు దాని తోక మీద గాలే లేదు. గాలి లేనిచోట గాలి ఊపే రోగం ఎలా బయటపడుతుంది? నేలమీద కనబడలేదన్నది పరీక్ష ఫలితం మాత్రమే. దాన్ని తీర్పుగా రాయకూడదు.

ఒకే పేరు, రెండు రోగాలు

ఇంకా వెనక్కి వెళ్దాం. లాక్‌హీడ్ ఎలెక్ట్రా నాలుగు టర్బోప్రాప్ ఇంజిన్ల విమానం. 1959 జనవరిలో సర్వీసులోకి వచ్చింది. మొదట్లోనే క్యాబిన్‌లో వణుకు ఎక్కువగా ఉందని ఫిర్యాదులొచ్చాయి. కంపెనీ ఇంజిన్ గూళ్లని మూడు డిగ్రీలు పైకి వంచి ఆ అసౌకర్యం తగ్గించింది. అక్కడితో వైబ్రేషన్ కథ అయిపోలేదు. 1959 సెప్టెంబర్ 29న టెక్సస్‌లోని బఫలో దగ్గర బ్రానిఫ్ సంస్థ ఎలెక్ట్రా గాల్లోనే ముక్కలైంది, 34 మంది పోయారు. 1960 మార్చి 17న ఇండియానాలో నార్త్‌వెస్ట్ వాళ్ల ఎలెక్ట్రా అలాగే కూలింది, 63 మంది. రెంటిలోనూ రెక్క విరిగి వేరుపడింది.

కారణం వర్ల్ మోడ్ అని తేలింది. బొంగరాన్ని చూడండి. తిరుగుతున్నదాన్ని పక్కకి కాస్త తోస్తే పడిపోదు, తల గుండ్రంగా తిప్పుతుంది. ప్రొపెల్లరూ బొంగరమే. ఇంజిన్‌ని పట్టి ఉంచే అమరిక గట్టిగా ఉంటే ఆ తల తిప్పడం వెంటనే అణిగిపోతుంది. ఎక్కడైనా ఆ పట్టు సడలితే అణగదు, పెరుగుతుంది. పెరిగేకొద్దీ దాని ఫ్రీక్వెన్సీ సెకనుకి 5 నుంచి 3 వైపు దిగుతుంది. ఎలెక్ట్రా రెక్క సహజ ఫ్రీక్వెన్సీ కూడా 3 దగ్గరే. రెండూ కలిశాక రెక్క నిలబడలేదు. ఇలాంటిది జరగవచ్చని టేలర్, బ్రౌన్ అనే ఇద్దరు 1938లోనే రాశారు. రెండు ప్రమాదాల తర్వాత, నాసా విండ్ టన్నెల్ పరీక్షల తర్వాత గానీ ఆ కాగితానికి విలువ రాలేదు. తర్వాత ఇంజిన్ అమరికల్ని, గూళ్లని, రెక్కల్ని బలపరిచారు. అప్పటిదాకా ఎలెక్ట్రాలు వేగ పరిమితితోనే ఎగిరాయి.

ముందు ప్రయాణికులు చెప్పిన వణుకు, తర్వాత రెక్క విరిచిన వణుకు ఒకటి కావు. మొదటిది సౌకర్యానికి సంబంధించింది, రెండోది ప్రాణానికి. కానీ కాగితం మీద రెండింటికీ ‘వైబ్రేషన్’ అన్న పేరే పెడతాం. మాట ఒకటే అయినంత మాత్రాన రోగం ఒకటే అనుకోకూడదన్నది అందుకే.

మరి సెన్సర్లు లేవా?

ఉన్నాయి. ఇది వినగానే మన క్లాసులో సగం మంది అడిగే ప్రశ్న ఇదే. అన్నీ రికార్డవుతున్న కాలంలో ఇంకా పైలట్ మాటల మీద ఆధారపడటం ఏమిటని.

ఇంజిన్ వైబ్రేషన్ మానిటర్ సెన్సర్లు ఇంజిన్ మీదే ఉంటాయి. అవి ముఖ్యంగా ఫ్యాన్, కోర్ తిరిగే ఫ్రీక్వెన్సీల దగ్గరే వింటాయి. తోకలో ట్యాబ్ ఎనిమిది హెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటుంటే వాటికి పట్టదు. ఇక ఫ్లైట్ రికార్డర్. నిలువు త్వరణాన్ని అది సెకనుకి 8 సార్లు, అడ్డ త్వరణాన్ని 4 సార్లు నమోదు చేస్తే నిబంధనకి సరిపోతుంది. ఈసీఈ మిత్రులారా, నైక్విస్ట్ గుర్తుందా? 8 శాంపిళ్లతో 4 హెర్ట్జ్‌కి మించి ఏదీ నిజంగా కనబడదు. 10 హెర్ట్జ్ అదురు ఫిల్టర్ లేకపోతే 2 హెర్ట్జ్ ఊగుడు వేషంలో కనిపిస్తుంది, ఫిల్టర్ ఉంటే అసలు కనబడకుండా పోతుంది. డేటా ఉంది కాబట్టి నిజం ఉందనుకోవడం పొరపాటు.

వేగంగా శాంపిల్ చేసే యాక్సిలరోమీటర్లు తెచ్చి అతికించవచ్చు, అది మంచి పద్ధతే. కానీ ఎక్కడ అతికించాలి? ఏ వేగం దగ్గర రికార్డ్ చేయాలి? ఆ జవాబు మళ్లీ మనిషి మాటలోంచే రావాలి.

మన మాటలు మనకున్నాయి

మనిషికి ఫ్రీక్వెన్సీ ఎలా తెలుస్తుందంటారా? హెర్ట్జ్‌లో తెలియక్కర్లేదు. తెలుగు దాన్ని ఎప్పుడో పంచి పెట్టింది. తొట్టె ఊగినట్టు ఊగితే ఊగుడు. సెకనుకి ఒకటో రెండో. గుండె దడదడలాడినట్టుంటే రెండు మూడు. చలికి పళ్లు గడగడలాడితే పది దరిదాపు. అద్దం అదిరినట్టు అదిరితే ఇంకా పైన. తుమ్మెద జుమ్మంటే వంద పైమాటే. ఒక్కసారి వచ్చిపోతే కుదుపు, అది వణుకే కాదు. లాగ్‌బుక్కు ఇంగ్లిషులోనే రాయాలి, నిజమే. కానీ పోల్చి చెప్పడం అన్న పని ఏ భాషలోనైనా ఒకటే. "చలికి వణికినట్టు, కాళ్ల కింద" అన్న వాక్యం ఏ భాషలో రాసినా ఇంజినీరుకి దారి చూపిస్తుంది.

పైలట్లకి తీరిక ఎక్కడిది, విమానం గంటలోపు మళ్లీ లేవాలి కదా అని ఎయిర్‌లైన్ వాళ్లనవచ్చు. తీవ్రమైన వణుకు వచ్చినప్పుడు ప్రయోగాలు చేయమని నేనూ అనను. అప్పుడు వేగం తగ్గించి, చెక్‌లిస్ట్ పాటించి, దిగడమే పని. కానీ తేలికపాటి వణుకు పదే పదే వస్తున్నప్పుడు ఆరు ప్రశ్నలకి జవాబు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. ఎంత వేగం, ఎంత ఎత్తు, ఎక్కడ తెలిసింది, ఎలా ఉంది, థ్రస్ట్ మారిస్తే ఏమైంది, వేగం మారిస్తే ఏమైంది. ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకుని వారం రోజులు పార్టులు మార్చడం పొదుపు కాదు. క్యాబిన్ సిబ్బంది చెప్పిందీ అందులో చేరాలి. కెగ్‌వర్త్‌లో వెనక ఉన్నవాళ్లకి తెలిసింది ముందుకి రాలేదు. అదే ఫిర్యాదు మూడోసారి వచ్చిందంటే పార్టులు మార్చడం ఆపి, ఇంజినీరునే ఆ విమానంలో ఎక్కించి పంపాలి.

మనలో కొందరు రేపు శంషాబాద్ హ్యాంగర్లలోనో, ఇంకెక్కడో ఇలాంటి లాగ్‌బుక్కుల కింద సంతకాలు పెడతారు. ఆ అలవాటు పడేది ఇక్కడే. డైనమిక్స్ ల్యాబ్‌లో వర్లింగ్ షాఫ్ట్ ప్రయోగం ఉంది కదా. అందులో ‘అబ్జర్వేషన్’ అన్న చోట సీనియర్ల రికార్డులో ఉన్న అంకెలే ఏటేటా తిరుగుతుంటాయి. షాఫ్ట్ అదురుతున్నప్పుడు స్టాండ్ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు ఎంతమంది? ఏ వేగం దగ్గర అదురు మొదలైంది, ఏ వేగం దాటాక తగ్గింది, చప్పుడు ఎలా మారిందని సొంత మాటల్లో రెండు లైన్లు రాస్తే ఏ సారూ మార్కులు తగ్గించరు. ఈ సెమిస్టర్ రికార్డుతోనే మొదలుపెట్టండి.